పెరట్లో బ్లూబర్డ్ గూడుపెట్టె: ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

అమెరికాలో బ్లూబర్డ్ అనే చిన్న నీలిపిట్ట గూడు పెట్టుకునే చెక్కపెట్టెలు హార్డ్‌వేర్ దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. ఒకటి కొనుక్కొచ్చి కంచెకి మేకు కొట్టి తగిలిస్తే పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుంది. అలా తగిలించి వదిలేసిన పెట్టెలోకి పామో, రకూన్ అనే చెట్లెక్కే జంతువో, ఇంటిపిచ్చుకో ఏదో ఒక రోజు రాక తప్పదు. పిట్ట మాత్రం మనం పెట్టిన చోటుని నమ్మి గుడ్లు పెట్టేసి ఉంటుంది. అందుకే వసంతం మొత్తం వారానికి ఒకటి రెండు సార్లు వెళ్లి చూసే ఓపిక లేనివాళ్లు పెట్టె పెట్టకపోవడమే మేలంటాను. ఆ ఓపిక ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కేరీ, ఫ్రిస్కో, ఆల్ఫరెట్టా లాంటి ఊళ్లలో కొత్త ఇల్లు కొనుక్కుని, వెనక పచ్చిక చూసుకుని, ఇక్కడ ఏం పెంచుదామా అని ఆలోచిస్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు కదా.

ముందు పిట్ట గురించి నాలుగు మాటలు. రాకీ పర్వతాలకు తూర్పున మనకి కనిపించేది ఈస్టర్న్ బ్లూబర్డ్. మగపిట్టకి వీపు, రెక్కలు, తోక ముదురు నీలం, రొమ్ము ఇటుకరంగు, పొట్ట తెలుపు. ఆడపిట్టవీ అవే రంగులు, కాస్త బూడిద కలిసి వెలిసినట్టుంటాయి. బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. నీలిరంగు చూసి మన పాలపిట్టకు చుట్టమనుకోవద్దు. ఇది త్రష్ కుటుంబానిది, అమెరికన్ రాబిన్‌కి దగ్గరి బంధువు. పడమటి రాష్ట్రాల్లో వెస్టర్న్ బ్లూబర్డ్, ఎత్తైన బయళ్లలో మౌంటెన్ బ్లూబర్డ్ ఉంటాయి. కింద చెప్పే కొలతలు, తేదీలు ఈస్టర్న్‌వి.

ఈ పిట్ట చెట్టుతొర్రలో గూడు పెడుతుంది కానీ తొర్ర తొలుచుకునే ముక్కు దానికి లేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసినవి, పుచ్చిపోయిన కంచె గుంజల్లో ఏర్పడినవి వెతుక్కోవాలి. ఎండిన చెట్లు కొట్టేశారు, కర్రగుంజల చోట ఇనుపగుంజలు వచ్చాయి. దానికి తోడు ఐరోపా నుంచి తెచ్చి 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో వదిలిన ఇంటిపిచ్చుకలు, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలిన స్టార్లింగ్‌లు (మన గోరింకల కుటుంబం పిట్టలు) ఉన్న కాసిని తొర్రల్నీ ఆక్రమించుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకి బ్లూబర్డ్ చాలాచోట్ల అరుదైపోయింది. 1930లలో ఇల్లినాయ్‌లో థామస్ మసల్‌మన్ రోడ్ల వెంట వరసగా పెట్టెలు పెట్టి దారి చూపించాడు. మేరీలాండ్‌లో ఉద్యోగ విరమణ చేసిన వ్యవసాయ శాస్త్రవేత్త లారెన్స్ జెలెనీ 1978లో నార్త్ అమెరికన్ బ్లూబర్డ్ సొసైటీ స్థాపించాడు. ఆ తర్వాత వేలమంది మామూలు మనుషులు తమ తమ పెరళ్లలో పెట్టెలు పెట్టి కాపలా కాశారు కాబట్టే ఈ పిట్ట మళ్లీ పుంజుకుంది. పెరట్లో ఒక్క పెట్టెతో ఏమవుతుందని అనుకోవద్దు.

మొదటి మెట్టు: మీ పెరడు పనికొస్తుందా?

బ్లూబర్డ్ ఎత్తైన కొమ్మ మీదో, తీగ మీదో కూర్చుని కింద గడ్డిలో కదిలే పురుగుని చూసి ఒక్క ఊపున దూకి పట్టుకుంటుంది. 60 అడుగుల దూరం నుంచి కూడా మిడతని పసిగట్టగలదు. కాబట్టి దానికి కావలసింది పొట్టిగడ్డి ఉన్న ఖాళీ జాగా, అక్కడక్కడా చెట్లు. దట్టమైన అడవి అంచు నచ్చదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని, వెనక పది అడుగుల గడ్డి మాత్రమే ఉన్న చోట ఇంటిపిచ్చుకలే వస్తాయి. అలాంటి ఇంట్లో ఉంటే పెట్టె బదులు నీళ్లతొట్టి పెట్టండి, పళ్లచెట్టు నాటండి. పక్కనే పార్కు, చెరువుగట్టు, బడి మైదానం, గోల్ఫ్ మైదానం ఉంటే మాత్రం చిన్న పెరడైనా ఆశ ఉంది.

హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉన్న కాలనీ అయితే ముందుగా ఒక ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గుడ్లు పెట్టాక ఎవరో ఫిర్యాదు చేస్తే పెట్టె తియ్యడానికి వీలుండదు. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం ప్రకారం బ్లూబర్డ్ గుడ్లని, పిల్లల్ని, అవి ఉన్న గూడుని తీసెయ్యడం నేరం. చివరికి ఖాళీ గూడునీ, పొదగని నీలిగుడ్డునీ జ్ఞాపకంగా అల్మరాలో దాచుకోవడం కూడా కుదరదు. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పండి. ఆ గుడ్డు చూస్తే ఎవరికైనా దాచుకోవాలనిపిస్తుంది.

రెండో మెట్టు: పెట్టె

రంగురంగుల బుల్లి ఇళ్లలా ఉండేవి కొనకండి. సాదా సీడార్ చెక్కపెట్టె చాలు. చూడవలసినవి ఇవి. రంధ్రం గుండ్రంగా ఉంటే అడ్డకొలత కచ్చితంగా ఒకటిన్నర అంగుళాలు ఉండాలి. అంతకు మించితే స్టార్లింగ్ దూరుతుంది. (వెస్టర్న్, మౌంటెన్ బ్లూబర్డ్‌లకి 1 9/16 అంగుళాలు.) లోపలి అడుగు 4 నుంచి 5 అంగుళాల చదరం. రంధ్రం కింది అంచు నుంచి పెట్టె అడుగు దాకా దాదాపు 6 అంగుళాల లోతు ఉంటే పిల్లి, రకూన్ చెయ్యి పెట్టినా గూడు అందదు. చెక్క మందం ముప్పావు అంగుళం. పైకప్పు ముందుకి కొన్ని అంగుళాలు పొడుచుకొచ్చి రంధ్రాన్ని వాన నుంచి కాపాడాలి. పక్కగోడల పైభాగాన గాలి సందులు, అడుగున మూలల్లో నీరు పోయే సందులు కావాలి. రంధ్రం కింద లోపలివైపు గీతలు గీసి గరుకుగా ఉంటే పిల్లలు ఎక్కి బయటికి రాగలుగుతాయి. నునుపు చెక్కైతే మీరే మేకుతో గీతలు గీయండి.

రంధ్రం కింద నిలబడే పుల్ల ఉంటే పీకేయండి. బ్లూబర్డ్‌కి అది అక్కర్లేదు, పిచ్చుకకి మాత్రం చాలా సాయం. లోపల రంగు వెయ్యకండి. పురుగు పట్టకుండా రసాయనాలు ఎక్కించిన చెక్కతో చేసిన పెట్టె వద్దు. పక్కగోడో ముందుగోడో తలుపులా తెరుచుకోవాలి. ఇది లేని పెట్టె ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి, లోపల ఏం జరుగుతోందో చూడటానికి వేరే మార్గం ఉండదు.

మూడో మెట్టు: స్తంభం, దానికి అడ్డుగొట్టం

మొత్తం పనిలో డబ్బు పెట్టవలసిన చోటు ఇదే. పెట్టె కన్నా స్తంభం ముఖ్యం. చెట్టుకో, చెక్కకంచెకో తగిలించిన పెట్టె రకూన్‌కి, ఎలుకల్ని తినే ర్యాట్ స్నేక్‌కి వడ్డించిన విస్తరి. ఈ పాము నిలువు గోడ కూడా ఎక్కగలదు, రాత్రిపూట వస్తుంది, ఒక్క పూటలో గూడంతా ఖాళీ చేసేస్తుంది.

నున్నటి ఇనుపగొట్టమే వాడాలి. సులువైన పద్ధతి చెబుతాను. అర అంగుళం రీబార్ ఊచ నాలుగైదు అడుగులది తీసుకుని సగం నేలలోకి దిగ్గొట్టండి. కరెంటు తీగలకి వాడే ముప్పావు అంగుళం ఈఎంటీ కాండూట్ గొట్టాన్ని దాని మీద తొడగండి. రంధ్రం నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండేలా పెట్టె బిగించండి. మీ కళ్ల ఎత్తుకి దగ్గరగా ఉంటే చూడటమూ తేలిక. ఊచ దిగ్గొట్టే ముందు, కొన్ని పనిరోజుల ముందుగానే, 811కి ఫోన్ చెయ్యండి. గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్ లైన్లు ఎక్కడ పోతున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెడతారు.

ఇక అడ్డుగొట్టం, అంటే బాఫిల్. 8 అంగుళాల వెడల్పు, 2 అడుగుల పొడవు ఉన్న జింకు రేకు స్టవ్‌పైప్ తీసుకుని, పైభాగం ఇనుప జాలీతో మూసి, పెట్టె కింద స్తంభానికి వేలాడదీయండి. కాస్త ఊగేలా వదులుగా ఉండాలి. పాము స్తంభం ఎక్కి గొట్టం లోపలికి పోయి, దారి మూసుకుపోయి దిగిపోతుంది. రకూన్‌కి పట్టు దొరకదు. స్తంభానికి గ్రీజు రాస్తే సరిపోతుందని కొందరంటారు కానీ ఎండకి, వానకి అది నిలవదు. తోటకి కప్పే ప్లాస్టిక్ వల చుట్టడం ఇంకా తప్పు, పాములు అందులో చిక్కుకుని చస్తాయి. పాము చావాలని కాదు, గూటి దాకా రాకూడదనే కదా మన తాపత్రయం.

రంధ్రం తూర్పు ముఖంగా ఉంటే మంచిది. మధ్యాహ్నపు ఎండ, ఎదురుగాలి తప్పుతాయి. ఎదురుగా 100 అడుగుల లోపు ఒక చెట్టో పొదో ఉంటే గూడు వదిలిన పిల్ల మొదటి ఎగురుడులో అక్కడ వాలుతుంది. కానీ పెట్టె మీదికి వంగిన కొమ్మ ఉండకూడదు, ఉడతకీ పాముకీ అదే నిచ్చెన. రెండు పెట్టెలు పెట్టే చోటుంటే వాటి మధ్య కనీసం 100 గజాలు వదలండి. బ్లూబర్డ్ జంట తన హద్దులోకి ఇంకో జంటని రానివ్వదు.

నాలుగో మెట్టు: ఎప్పుడు?

టెక్సాస్, జార్జియా, కరోలినాల్లో ఫిబ్రవరి మధ్యకల్లా పెట్టె సిద్ధంగా ఉండాలి. న్యూజెర్సీ, ఒహాయో, ఇల్లినాయ్ వైపు మార్చి మధ్య దాకా ఆగొచ్చు. ముందు మగపిట్ట వస్తుంది. రంధ్రంలో తల పెట్టి చూసి, నోట గడ్డిపరక పట్టుకుని లోపలికి బయటికి తిరిగి, కప్పు మీద నిలబడి రెక్కలాడిస్తూ ఆడపిట్టకి చూపిస్తుంది. ఇల్లు చూపించడం వరకే దాని పని, గూడు అల్లేది ఆడపిట్ట ఒక్కతే. ఈ పరిశీలన ఒక్కోసారి వారాల తరబడి సాగుతుంది. రోజూ దగ్గరికి వెళ్లి చూడకండి, కిటికీలోంచి చూడండి. ఒక ఏడాది ఎవరూ రాకపోయినా నిరాశపడనక్కర్లేదు. చోటు అలవాటవ్వాలి.

అయిదో మెట్టు: గూడు ఎవరిది?

ఇది సరిగ్గా తెలియకుండా ఏ గూటినీ ముట్టుకోవద్దు. సన్నటి గడ్డి పరకలతోనో, పైన్ ఆకులతోనో నీటుగా అల్లిన గిన్నె కనిపిస్తే అది బ్లూబర్డ్‌ది. గుడ్లు లేత నీలం, మచ్చలుండవు. అరుదుగా తెల్లగానూ ఉంటాయి. గడ్డి గిన్నెలో ఈకలు పరిచి, తెల్లటి గుడ్లుంటే ట్రీ స్వాలో. పచ్చటి నాచు, పైన బొచ్చు, చుక్కల బుల్లి గుడ్లుంటే చికడీ. పెట్టె నిండా పుల్లలు కూరి ఉంటే హౌస్ రెన్. ఇవన్నీ ఇక్కడి పిట్టలే, చట్టం కాపాడేవే. వాటి గూడు తియ్యకూడదు. చికడీ వస్తే దాన్నీ ప్రేమగానే చూసుకోండి. స్వాలో వస్తే 15, 20 అడుగుల దూరంలో ఇంకో పెట్టె పెట్టండి. స్వాలో జంట ఇంకో స్వాలోని దగ్గరికి రానివ్వదు, బ్లూబర్డ్‌ని ఒప్పుకుంటుంది. అలా రెండు జంటలూ పక్కపక్కనే కాపురం చేస్తాయి.

రెన్ చిన్నదే గానీ పక్క గూటి గుడ్లకి కన్నం పొడిచే అలవాటు దానికుంది. పొదలు, గుబురు మొక్కలు దాని స్థావరం కాబట్టి పెట్టెని వాటికి దూరంగా, బయల్లో పెట్టడమే మందు.

గడ్డి, ఈకలు, కాగితం ముక్కలు, ప్లాస్టిక్ పీలికలు అన్నీ కలిపి చిందరవందరగా, ఒక్కోసారి పైదాకా గుమ్మటంలా నింపి, అందులో గోధుమ మచ్చలున్న తెల్లటి బూడిదరంగు గుడ్లుంటే అది ఇంటిపిచ్చుకది.

ఆరో మెట్టు: పిచ్చుక సంగతి

మనవాళ్లకి ఇక్కడే మనసొప్పదు. మనూళ్లో వరికంకుల కుచ్చులు దూలానికి కట్టి పిచ్చుకల్ని పిలుచుకున్నవాళ్లం. పట్నాల్లో పిచ్చుక కనబడట్లేదని బాధపడుతూ ఏటా మార్చి 20న పిచ్చుకల దినం చేసుకుంటున్నవాళ్లం. అదే జాతి పిచ్చుక ఇక్కడ బ్లూబర్డ్‌కి ప్రాణాంతకం. మగపిచ్చుక పెట్టెలోకి దూరి గుడ్లు పొడుస్తుంది, పిల్లల్ని చంపుతుంది, గుడ్ల మీద కూర్చున్న తల్లిపిట్టని లోపలే తల మీద పొడిచి చంపి ఆ శవం మీదే తన గూడు కట్టుకుంటుంది. బ్లూబర్డ్ దూరే రంధ్రంలో అదీ దూరుతుంది, కొలతతో దాన్ని ఆపలేం. పిచ్చుకలో పాపమేమీ లేదు, తన నేల కాని చోటికి మనుషులు తెచ్చి వదిలారు. అయినా బ్లూబర్డ్ కోసం పెట్టె పెట్టాక మనం బ్లూబర్డ్ పక్షానే ఉండాలి.

గుర్తుపట్టడం నేర్చుకోండి. మగదానికి గొంతు కింద నల్లటి మచ్చ, నడినెత్తి బూడిదరంగు, మెడ వెనక గోధుమ ఎరుపు. ఆడది సాదా మట్టిరంగు, కంటి వెనక లేత చార. అమెరికాలో చుక్కల రొమ్ము, చారల రొమ్ము ఉన్న స్వదేశీ స్పారోలు చాలా ఉన్నాయి, అవి పెట్టెల జోలికి రావు. వాటిని ఏమీ అనకండి.

అవి రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. బియ్యం, మెతుకులు, రొట్టెముక్కలు పెరట్లో చల్లే అలవాటు మనకుంది. ఇక్కడ అది పిచ్చుకలకి పిలుపు. చవక గింజల మిశ్రమంలో ఉండే కొర్రల లాంటి తెల్ల మిల్లెట్, పగలగొట్టిన మొక్కజొన్న కూడా అంతే. ఫీడర్ పెట్టాలనుకుంటే అందులో సాఫ్లవర్ గింజలు, అంటే మన కుసుమలు పొయ్యండి.

పిచ్చుక గూడు మొదలుపెడితే, అది దానిదేనని రూఢి చేసుకున్నాక, తీసెయ్యండి. ఫెడరల్ చట్టం ఇంటిపిచ్చుకకి, స్టార్లింగ్‌కి రక్షణ ఇవ్వదు. అయితే ఒక్కసారి తీస్తే పోదు. మగది చోటుని పట్టుకుని వేలాడుతుంది, కోపంతో పక్క పెట్టెల మీద పడుతుంది. నాలుగైదు రోజులు రంధ్రాన్ని మూసెయ్యడం, అయినా పోకపోతే పెట్టెని ఇంటికి ఇంకా దూరంగా జరపడం చెయ్యాలి. బోను పెట్టి పట్టి చంపేవాళ్లూ ఉన్నారు. అది చెయ్యలేనివాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఏదీ పని చెయ్యకపోతే ఆ ఏడాదికి పెట్టె దించెయ్యండి. పిచ్చుక కాపలా ఉన్న పెట్టెలోకి బ్లూబర్డ్‌ని ఆహ్వానించడం కన్నా పెట్టె లేకపోవడం నయం.

బ్లూబర్డ్ గుడ్డు పెట్టేసి ఉండి, పిచ్చుక చుట్టుపక్కల తిరుగుతుంటే స్పూకర్ కట్టండి. పెట్టె వెనక ఒక కర్ర నిలబెట్టి, దాన్నుంచి మెరిసే ప్లాస్టిక్ రిబ్బన్లు కప్పు మీద తగులుతూ వేలాడేలా కడతారు. గాలికి అవి కదులుతుంటే పిచ్చుక బెదురుతుంది, గుడ్ల మీద మమకారం ఉన్న బ్లూబర్డ్ కాసేపట్లో అలవాటుపడుతుంది. మొదటి గుడ్డు పెట్టాకే కట్టాలి. ముందే కడితే బ్లూబర్డే వెళ్లిపోతుంది. కట్టాక కిటికీలోంచి గమనించండి. తల్లి ఒక గంటలో లోపలికి వెళ్లకపోతే తీసెయ్యండి. పిల్లలు ఎగిరిపోయాక విప్పెయ్యడం మరచిపోవద్దు, లేకపోతే పిచ్చుకకీ అలవాటైపోతుంది.

ఏడో మెట్టు: తనిఖీ, తేదీల లెక్క

మనిషి వాసన తగిలితే పిట్ట గూడు వదిలేస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం. బ్లూబర్డ్ విషయంలో అది నిజం కాదు. వారానికి ఒకటి రెండు సార్లు తలుపు తెరిచి చూడొచ్చు, చూడాలి కూడా. గుడ్లు పెట్టేది పొద్దున్నే కాబట్టి ఉదయం పది దాటాక, చీకటి పడకముందు, వానా చలీ లేని రోజు వెళ్లండి. దూరం నుంచే కాస్త చప్పుడు చెయ్యండి, పెట్టె పక్కన మెల్లగా తట్టండి, తల్లికి బయటికి పోయే వ్యవధి ఇవ్వండి. తలుపు నిదానంగా తీసి, లెక్కపెట్టి, ఫోటో కావాలంటే ఫ్లాష్ లేకుండా ఒకటి తీసి మూసెయ్యండి. అంతా ఒక్క నిమిషం. తల్లి కదలకుండా కూర్చునే ఉంటే బలవంతపెట్టకుండా మూసి వచ్చెయ్యండి. తలుపుకి గడి సరిగా పడిందో లేదో రెండోసారి చూసుకోండి.

తేదీలు తప్పనిసరిగా రాసిపెట్టుకోవాలి. మొత్తం సంరక్షణ ఈ లెక్క మీదే నడుస్తుంది. రోజుకి ఒక గుడ్డు చొప్పున సాధారణంగా నాలుగైదు పెడుతుంది. చివరి గుడ్డు పడ్డాకే పొదగడం మొదలు. అప్పటిదాకా గుడ్లు చల్లగా ఉన్నా, తల్లి రోజంతా కనబడకపోయినా గూడు వదిలేసిందనుకోవద్దు. పొదగడానికి 12 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో 17 నుంచి 20 రోజులు. ఒక ఉదాహరణ చూడండి: ఏప్రిల్ 1న మొదటి గుడ్డు, 5న అయిదో గుడ్డు. పిల్లలు 18 ప్రాంతంలో బయటికొస్తాయి. మే 5 నుంచి 8 లోపు ఎగురుతాయి. మీరు ఆఖరుసారి తలుపు తియ్యవలసింది ఏప్రిల్ 30. ఆ ఆఖరి తేదీని క్యాలెండర్‌లో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి.

ఎందుకంటే పిల్లలకి 12 రోజులు నిండాక తలుపు తీస్తే బెదిరి ముందే దూకేస్తాయి. రెక్కలు పూర్తిగా రాని పిల్ల నేల మీద ఒక్క రాత్రి కూడా బతకదు. ఎంత ముద్దొచ్చినా, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలకి చూపించాలనిపించినా, ఆ తర్వాత దూరం నుంచే చూడండి.

అంతకుముందు ప్రతి తనిఖీలోనూ పిల్లలు మారిపోయి కనిపిస్తాయి. మొదటి రోజు గులాబీరంగు చర్మం, తల మీద బూడిదరంగు నూగు, కళ్లు మూతలు. వారానికి కళ్లు సన్నగా విచ్చుకుంటాయి, రెక్కల మీద ఈకలు ముళ్లలా మొలుస్తాయి. పన్నెండో రోజుకి ఆ ముళ్లు విచ్చుకుని నీలం తేలుతుంది. మగపిల్లల రెక్కల్లో ఆ నీలం మరీ ముదురు. అమ్మానాన్నలిద్దరూ తిండి మోస్తారు, రెట్టని తెల్లటి సంచిలా ముక్కున పట్టుకుని బయట పారేస్తారు. ఇదంతా రాసుకునే ఓపికుంటే కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల నడిపే నెస్ట్‌వాచ్‌లో నమోదు చెయ్యండి, ఉచితం. హైస్కూల్ పిల్లలున్న ఇంట్లో వాళ్లకే అప్పజెప్పండి.

ఎనిమిదో మెట్టు: ఎండ, తడి, పురుగులు

టెక్సాస్‌లో రెండో, మూడో కాన్పు మండుటెండల్లో పడుతుంది. పెట్టె లోపల వేడి 107 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికొస్తే పిల్లలు బతకడం కష్టం. గాలి సందులు ఎక్కువున్న పెట్టె, బయట లేత రంగు, కప్పు మీద అంగుళం ఎడంతో ఇంకో తెల్లటి రేకో పలకో, ఇవి మే నెలకల్లా సిద్ధం చేసుకోండి. పిల్లలు ఉండగా పెట్టెని నీడలోకి మార్చకండి, తల్లి పాత చోటే వెతుక్కుంటుంది.

ఉత్తరాన భయం వేరు. ఏప్రిల్‌లో రెండు మూడు రోజులు చలివాన పడితే పురుగు దొరకదు, తడిసిన గూట్లో పిల్లలు వణికిపోతాయి. గూడు నీళ్లు కారేంత తడిస్తే మార్చాలి. పొడిగడ్డిని చేత్తో గిన్నెలా చుట్టి సిద్ధం పెట్టుకోండి. పిల్లల్ని గుడ్డ పరిచిన చిన్న గిన్నెలోకి తీసి, పాతది తీసి కొత్తది పెట్టి, పిల్లల్ని తిరిగి పెట్టండి. ఈ పని కూడా 12 రోజుల లోపే.

గూటి అడుగున బూడిదరంగు పురుగులు కనిపిస్తే అవి బ్లోఫ్లై ఈగల లార్వాలు. రాత్రిళ్లు పిల్లల రక్తం తాగుతాయి. కొద్దిగా ఉంటే పిల్లలు తట్టుకుంటాయి, ఎక్కువైతే పైన చెప్పినట్టే గూడు మార్చండి. దక్షిణాది రాష్ట్రాల్లో ఫైర్ యాంట్స్, మన కొరివిచీమల్లాంటివి, పెట్టెలోకి ఎక్కితే పిల్లల్ని చంపేస్తాయి. అడ్డుగొట్టానికి కింద, స్తంభం చుట్టూ రెండు మూడంగుళాల పట్టీగా గ్రీజు రాసి, మట్టిపడి ఎండగానే మళ్లీ రాయండి. గ్రీజు పని చేసేది చీమల మీదే, పాముల మీద కాదు. కందిరీగలు పట్టకుండా పెట్టె లోకప్పుకి సబ్బు బిళ్ల రుద్దండి. లోపల ఏ పురుగుమందూ చల్లకండి.

తొమ్మిదో మెట్టు: తిండీ నీళ్లూ

పచ్చిక మీద పురుగుమందు కొట్టించడం మానెయ్యడమే అన్నిటికన్నా పెద్ద సాయం. గడ్డి చూసుకునే కంపెనీతో ఒప్పందం ఉంటే అందులో గ్రబ్ మందు (గడ్డివేళ్లు తినే పురుగులకి వేసేది), దోమల మందు ఉన్నాయేమో అడిగి తీయించండి. పిల్లలకి పెట్టే గొంగళిపురుగు, మిడత, సాలీడు ఆ గడ్డిలోంచే రావాలి.

మీల్‌వర్మ్స్, అంటే పిట్టలకి తిండిగా అమ్మే పురుగులు, పెట్టొచ్చు, ముఖ్యంగా చలివాన రోజుల్లో. నున్నటి అంచుల చిన్న గిన్నెలో, పిట్టకి పదీ పదిహేను చొప్పున రోజుకి ఒకటి రెండు సార్లు చాలు. అదే పనిగా పెడితే పిల్లలకి సున్నం తక్కువవుతుంది. కోడిగుడ్డు పెంకుల్ని ఓవెన్‌లో 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు కాల్చి, పొడిచేసి పక్కన పెడితే గుడ్లు పెట్టే తల్లికి పనికొస్తుంది. పురుగులు ముట్టుకోవడం ఇష్టం లేని ఇళ్లలో ఇదేమీ చెయ్యనక్కర్లేదు. మందు పడని గడ్డి, రెండంగుళాల లోతున నీళ్లతొట్టి ఉంటే పిట్ట తన సంసారం తాను నడుపుకుంటుంది.

శీతాకాలంలో వాటికి పళ్లే ఆధారం. డాగ్‌వుడ్, అమెరికన్ హోలీ, ఈస్టర్న్ రెడ్ సీడార్, బ్యూటీబెర్రీ లాంటివి నాటండి. దక్షిణాది కాలనీల్లో అలంకారానికి నాటే నందీనా ఎర్రపళ్లలో సైనైడ్ విషం ఉంటుంది. జార్జియాలో అవి తిని సీడార్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపుగా చనిపోయాయి. మీ ఇంట్లో ఉంటే పీకెయ్యండి, కనీసం పళ్లగుత్తులైనా కత్తిరించెయ్యండి.

పదో మెట్టు: ఎగిరాక

ఎగిరే రోజు దగ్గరపడితే రంధ్రంలోంచి మొహాలు బయటికి కనిపిస్తాయి. ఆ వారం పచ్చిక కోత ఆపండి, పిల్లిని ఇంట్లో ఉంచండి, పక్కింటివాళ్లకీ చెప్పండి. చాలాసార్లు ఒక్క పూటలోనే అందరూ వెళ్లిపోతారు. రొమ్మంతా చుక్కలున్న పిల్ల నేల మీదో పొదలోనో కూర్చుని ఉంటే అనాథ అనుకుని ఇంట్లోకి తేకండి. తల్లిదండ్రులు ఇంకో మూడు వారాలు దానికి తిండి పెడతారు. ఈకలు లేని పిల్ల కింద పడి ఉంటే మాత్రం తీసి గూట్లో పెట్టండి. దెబ్బ తగిలితే, లేదా పిల్లలు చల్లబడిపోయి అమ్మానాన్నలిద్దరూ గంటల తరబడి జాడ లేకపోతే, లైసెన్సు ఉన్న వైల్డ్‌లైఫ్ రీహాబిలిటేటర్‌కి (దెబ్బతిన్న అడవిజీవుల్ని సాకి బాగుచేసేవాళ్లకి) ఫోన్ చెయ్యండి. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో వాళ్ల జాబితా ఉంటుంది. నంబరు మార్చిలోనే ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో పెంచడం చట్టం ఒప్పుకోదు, పిట్టా బతకదు. తండ్రి ఒక్కటే కనబడకపోతే కంగారు వద్దు. తల్లి ఒక్కతే పిల్లల్ని పెంచుకోగలదు.

పెట్టె ఖాళీ అయిందని రూఢి చేసుకుని పాత గూడు తీసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తబుట్టలో వెయ్యండి. పెట్టె కిందే పారేస్తే ఆ వాసనకి రకూన్‌లు వస్తాయి. చేతికి తొడుగు, ముక్కుకి మాస్క్ పెట్టుకుని బ్రష్‌తో లోపల శుభ్రం చెయ్యండి. ఒకటి రెండు వారాల్లో అదే జంట మళ్లీ గూడు మొదలుపెట్టొచ్చు. దక్షిణాన ఏడాదికి మూడు కాన్పులు కూడా అవుతాయి. ఒక్కోసారి మొదటి కాన్పు పిల్లలు చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ పురుగులు తెచ్చిపెట్టడం కూడా కనిపిస్తుంది. ప్రతి కాన్పుకీ తేదీల లెక్క కొత్తగా మొదలుపెట్టండి.

ఆగస్టు చివరికి ఆఖరి గూడు తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టండి. పెట్టె దించెయ్యకండి, చలికాలం రాత్రులు బ్లూబర్డ్‌లు గుంపుగా దూరి పడుకుంటాయి. గాలి సందుల్ని నవంబర్‌లో ఫోమ్ ముక్కలతో మూసి, ఫిబ్రవరిలో తీసెయ్యండి. జనవరిలో ఒకసారి వెళ్లి తలుపు మేకులు, స్తంభం బిగింపు, అడ్డుగొట్టం ఊగుతోందా లేదా చూసి, రంధ్రాన్ని ఉడత కొరికి పెద్దది చేసి ఉంటే ఒకటిన్నర అంగుళాల కన్నమున్న లోహపు పట్టీ బిగించండి.